పాస్టరుగారా, డాక్టరా, కౌన్సెలరా: మనసు బాగోనప్పుడు ముందు ఎవరి దగ్గరికి?

ఒడిశా సరిహద్దులో మా పర్లాకిమిడి వైపు తెలుగు క్రైస్తవ ఇళ్ళల్లో ఈ ప్రశ్న ఎప్పుడూ ఒకేలా వస్తుంది. "మావాడికి నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడడు, గదిలోంచి బయటకి రాడు. ప్రార్థన చేయించాలా, బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలా?" అడిగేవాళ్ళ మనసులో అప్పటికే ఒక జవాబు ఉంటుంది, దాన్ని మన నోటితో చెప్పించుకోవాలని అడుగుతారు. కొందరికి డాక్టరు పేరెత్తితే విశ్వాసం తక్కువైనట్టు. ఇంకొందరికి, ముఖ్యంగా విశాఖలోనో బెంగళూరులోనో చదువుకొచ్చిన పిల్లలకి, పాస్టరు పేరెత్తితే నామోషీ. నేను సంఘంలో పుట్టి పెరిగి సైకాలజీ చదివినదాన్ని కాబట్టి రెండు వైపుల వాళ్ళూ నన్నే అడుగుతారు, నా జవాబు మాత్రం ఇద్దరికీ నచ్చదు.

జవాబు ఇదీ. ఎదుటి మనిషి క్రైస్తవుడా కాదా అని చూసి ఎంచుకోకండి, కష్టం ఏ రకమో చూసి ఎంచుకోండి. ఆ తర్వాత, ఆ మనిషి "ఇది నా చేతిలో పని కాదు, ఫలానావాళ్ళకి చూపించండి" అని చెప్పగలడా లేదా అన్నది చూడండి. ఆ మాట నోట రాని పాస్టరు దగ్గర ఎంత భయపడాలో, ఆ మాట నోట రాని డాక్టరు దగ్గరా అంతే భయపడాలి.

పోలికే అక్కర్లేనివి

కొన్నింటికి ఎంపిక అన్న మాటే లేదు. ప్రార్థన ఆటోలో చేసుకోండి, ఆటో మాత్రం ఆసుపత్రికే పోనివ్వండి.

గజపతి, రాయగడ, కొరాపుట్ కొండ ఊళ్ళల్లో మలేరియా అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. అందులో ఫాల్సిపేరం రకం మెదడుకెక్కితే మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు, ఇంట్లోవాళ్ళని గుర్తుపట్టడు, ఫిట్స్ వస్తాయి, ఆనక స్పృహ తప్పుతుంది. చూసేవాళ్ళకి అచ్చం దెయ్యం పట్టినట్టే ఉంటుంది. ముందు ఒంటి మీద చెయ్యి వేసి చూడండి. జ్వరం ఉండి మాట తేడాగా ఉందంటే రాత్రంతా ప్రార్థన పెట్టి తెల్లారాక చూద్దాం అనుకునే టైం లేదు.

రెండోది సారా. ఇది ఇంకా తిరకాసు, ఎందుకంటే ఇక్కడ కష్టం మంచి పనిలోంచి పుడుతుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఆదివారం కూటంలో వాక్యం విని, ఏడ్చి, ఇక ముట్టనని నిర్ణయం తీసుకుంటాడు. మంగళవారమో బుధవారమో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరుస్తాడు. సాతాను వదలనంటున్నాడని సంఘం చుట్టూ చేరి గట్టిగా ప్రార్థన చేస్తుంది. అలవాటైన మందు ఒక్కసారిగా ఆగినప్పుడు రెండు మూడు రోజుల్లో వచ్చే స్థితి అది, డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆయన తీసుకున్న నిర్ణయంలో తప్పేం లేదు, కాకపోతే మానడం డాక్టరు కళ్ళ ముందు జరగాలి. మానాక మానినట్టే నిలబడటానికి సంఘం చేసే సాయం మాత్రం ఏ మాత్రా చెయ్యలేదు. 1935లో అమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం పుట్టినప్పుడు ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం నుంచే చాలా తెచ్చుకుంది: తప్పు ఒప్పుకోవడం, నష్టపోయినవాళ్ళకి చేతనైనంత సరిచెయ్యడం, తనలాంటి ఇంకొకడికి చెయ్యందించడం.

మూడోది బాలింతలు. కాన్పయిన మొదటి రెండు వారాల్లో తల్లి నిద్రపోకుండా, ఎవరో మాట్లాడుతున్నారంటూ, బిడ్డ తన బిడ్డ కాదంటూ ఉంటే దాన్ని గాలి సోకడం అనకండి. అదే రోజు ఆసుపత్రి. బిడ్డని తల్లి దగ్గర ఒంటరిగా వదలొద్దు.

ఇక చచ్చిపోవాలని ఉందని ఎవరైనా నోరు తెరిచి అంటే, అది పాపమా కాదా అన్న చర్చ ఆ పూట పెట్టకండి. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్ అనే మానసిక సాయం నంబరు, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పని చేస్తుంది, ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా దాచేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు.

ఈ తగాదా ఎక్కడిది?

మనవాళ్ళు సైకాలజీ అంటే దేవుడు లేడనే చదువు అనుకోవడానికి, రోగి చేత మాట్లాడించి మనసు లోతులు వెతికే వైద్యం మొదలుపెట్టిన ఫ్రాయిడ్ చాలావరకు కారణం. మతం ఒక భ్రమ అని ఆయన 1927లో పుస్తకమే రాశాడు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఆ మరుసటేడు దానికి జవాబు రాసింది ఆస్కర్ ఫిస్టర్ అనే జ్యూరిక్ పాస్టరు, అచ్చయింది ఫ్రాయిడ్ నడిపిన పత్రికలోనే అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఇద్దరూ 1909 నుంచి స్నేహితులు, ఫ్రాయిడ్ 1939లో పోయేదాకా ఆ స్నేహం చెడలేదు. ఫిస్టర్ తన సంఘంలో వాళ్ళకి ఫ్రాయిడ్ పద్ధతిలోనే సాయం చేసేవాడు, అటు ప్రసంగమూ ఆపలేదు.

అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే పాస్టరు కథ ఇంకా నాకిష్టం. ఈయనకే 1920లో మతి చలించి ఆసుపత్రిలో పెట్టారు. కోలుకున్నాక వూస్టర్ పిచ్చాసుపత్రిలో చాప్లెన్‌గా, అంటే ఆసుపత్రి పాస్టరుగా చేరి, 1925 వేసవిలో దైవశాస్త్రం చదివే విద్యార్థుల్ని తెచ్చి రోగుల మధ్య పనికి పెట్టాడు. పుస్తకాలు చదివినంత శ్రద్ధగా మనుషుల్ని చదవమన్నాడు. ఇవాళ ఆసుపత్రుల్లో చాప్లెన్లకి ఇచ్చే శిక్షణ చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే.

తర్వాత 1970లో జే ఆడమ్స్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు ఎదురు తిరిగాడు. ఒంటి జబ్బు ఉంటే డాక్టరు చూసుకుంటాడు, అది కాకుండా మానసిక సమస్య అంటున్నదంతా దాదాపు పాపం వల్లే, దానికి బైబిలు పట్టుకున్న పాస్టరే సమర్థుడు, సైకాలజీ అక్కర్లేదు అన్నాడు. మన జిల్లాల్లో ఆయన పేరు విన్నవాళ్ళు తక్కువే గానీ "బైబిలుంది, చాలు" అనే మాట ప్రతి ఊళ్ళో వినిపిస్తుంది. ఆయన వెనక వచ్చిన డేవిడ్ పౌలిసన్ లాంటివాళ్ళు ఆ పద్ధతిని చాలా మెత్తపరిచారు, మనిషి చేసిన పాపంతో పాటు మనిషి పడ్డ బాధనీ లెక్కలోకి తెచ్చారు. ఆ రెండో సగం మన దగ్గరికి ఇంకా రాలేదు.

రెంటినీ కలిపి నేర్పాలనే వాళ్ళు వేరే దారి పట్టారు. కాలిఫోర్నియాలో ఫుల్లర్ సెమినరీ అనే దైవశాస్త్ర కళాశాల 1965లోనే సైకాలజీ విభాగం పెట్టింది. డేవిడ్ మైయర్స్ అనే క్రైస్తవ సైకాలజిస్టు ఇంకోలా అంటాడు: ఒకే సంగతిని వేరే వేరే స్థాయిల్లో వివరించొచ్చు, ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కానక్కర్లేదు. నాకు ఇది మహేంద్రతనయ వరదలా తోస్తుంది. ఇరిగేషన్ ఆఫీసువాళ్ళు నీళ్ళు ఎన్ని అడుగులొచ్చాయో చెబుతారు, రైతు వరి ఎంత పోయిందో చెబుతాడు, పాస్టరుగారు ఆదివారం ఆ వరద మీదే ప్రసంగిస్తారు. వరద ఒక్కటే. కాకపోతే గట్టు తెగిన రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియాలి కదా, మైయర్స్ మాటతో అది తేలదు. అందుకే ఈ వ్యాసం.

పాస్టరుగారు

ముందు ఆయన బలం చెబుతాను, చదువుకున్నవాళ్ళు దీన్ని తక్కువ చేసి చూస్తారు కాబట్టి. ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ లేదు, ఇంటికొస్తారు. మీ తాతని, మీ అన్నదమ్ముల పొలం గొడవని, మీ అమ్మకి మీ చిన్నాన్నతో మాటల్లేవన్న సంగతిని కూడా ఎరుగుదురు. ఏ సైకాలజిస్టుకీ ఈ ఫైలు దొరకదు. మనిషి పోయిన ఇంట్లో ఈయన కంటే, ఈయనతో వచ్చే ఆడవాళ్ళ కంటే పనికొచ్చేవాళ్ళు లేరు. అన్నం వండుకొస్తారు, రాత్రి పక్కన పడుకుంటారు, జ్ఞాపకార్థ కూడికలో పోయినాయన పేరు పైకి పలుకుతారు. దుఃఖం జబ్బు కాదు, దానికి మనుషులు కావాలి, సంఘంలో మనుషులున్నారు. ఏడాది దాటినా లేచి పని చేసుకోలేకపోతే, పోయినవాళ్ళ ధ్యాస తప్ప ఇంకేదీ లేకపోతే అప్పుడు డాక్టరుకి చూపించాలి.

నిజంగా తప్పు చేసిన బరువు మోస్తున్నవాళ్ళకీ పాస్టరే. అప్పు ఎగ్గొట్టిన మనిషికి, తమ్ముడి వాటా రాయించుకున్న అన్నకి "నీ మీద నీకే అంత కఠినం ఎందుకు" అని కౌన్సెలరు సర్ది చెబితే అది వైద్యం కాదు. వెళ్ళి ఒప్పుకుని తిరిగిచ్చెయ్యమని చెప్పగలిగేవాడు కావాలి.

బలహీనత ఎక్కడంటే, చాలామంది పాస్టర్లకి డిప్రెషన్ అంటే ఏమిటో తెలియదు. వాళ్ళ తప్పు కూడా కాదు, చాలా బైబిల్ కాలేజీల్లో కౌన్సెలింగ్ ఒక చిన్న పేపరే. దాంతో ఏమవుతుందంటే, పడుకున్న మంచం మీంచి లేవలేని మనిషికి "దేనినిగూర్చియు చింతపడకుడి" అన్న వాక్యం చదివి, ఇంకా లేవలేదంటే విశ్వాసం చాలలేదంటారు. డిప్రెషన్‌లో ఉన్న మనిషి అప్పటికే తనంత పనికిమాలినవాడు లేడని నమ్ముతుంటాడు, ఆ నమ్మకం నిజమేనని మనం వాక్యంతో ముద్ర వేస్తాం. బైబిలు కూడా ఇలా చెయ్యదు. 1 రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్ళు, నిద్ర, మళ్ళీ రొట్టె. మాట తర్వాత వచ్చింది. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడింది. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం ఉండదు, అయినా ఎవరూ దాన్ని బైబిల్లోంచి తీసెయ్యలేదు. మీ పాస్టరుగారు ఈ భాగాల మీద ఎప్పుడైనా ప్రసంగించారా? అదొక మంచి గుర్తు.

ఇంకో సంగతి మరీ సున్నితం. గుట్టు. ఆదివారం ఆరాధనలో "ఫలానా సహోదరి మానసిక సమస్య కోసం భారంగా ప్రార్థించండి" అని మైకులో వస్తుంది, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశంగా ఫోటోతో సహా తిరుగుతుంది, వారంలో పాతపట్నం బంధువులకి తెలుస్తుంది, ఆ పిల్ల సంబంధం పోతుంది. ఎవరూ చెడు తలపెట్టలేదు, అయినా జరిగింది. మాట్లాడే ముందే చెప్పండి: అయ్యగారూ, ఇది మీకూ నాకూ మధ్యే, ప్రార్థన అంశంగా కూడా పెట్టొద్దు. డాక్టరుకైతే ఈ గుట్టు చట్టం పెట్టిన బాధ్యత, పాస్టరుకి మాత్రం మీరే గుర్తు చెయ్యాలి.

సర్కారు ఆసుపత్రి, సైకియాట్రిస్టు

మనకి దగ్గర్లో పెద్దది బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, పర్లాకిమిడి మహారాజావారి పేరు మీదున్నదే. రాయగడ, గుణుపురం వాళ్ళు రైలెక్కి విశాఖ పోతారు, అక్కడ మానసిక వైద్యానికి ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. జిల్లా ఆసుపత్రుల్లో కూడా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సేవలుండాలి, ఏ రోజు డాక్టరు కూర్చుంటారో ముందు కనుక్కుని వెళ్ళండి. సరిహద్దు మనుషులం కాబట్టి ఇంకొకటి: ఒడిశా ఆరోగ్య కార్డు ఆంధ్రాలో, ఆంధ్రా కార్డు ఒడిశాలో పని చేస్తుందో లేదో బస్సెక్కే ముందే అడగండి, కౌంటర్ దగ్గర తెలుసుకుంటే ఏడుపొస్తుంది.

బలం: రోగం గుర్తుపట్టడం. థైరాయిడ్ తక్కువైతే అచ్చం డిప్రెషన్‌లా ఉంటుంది, బి12 తగ్గినా మనసు మీద పడుతుంది, రక్తం పరీక్షలో తేలిపోయేదానికి ఏళ్ళ తరబడి ఉపవాస ప్రార్థనలు చేసే కుటుంబాలున్నాయి. చెవిలో గొంతులు వినిపించడం, వారాల తరబడి నిద్ర లేకుండా హుషారుగా తిరిగి ఉన్నదంతా ఖర్చు చెయ్యడం, ఎవరో విషం పెడుతున్నారని అన్నం మానెయ్యడం, ఇలాంటివాటికి మందుల్లేకుండా మాటలతో పని జరగదు.

బలహీనత: టైం లేదు. వరసలో పొద్దంతా నిలబడితే లోపల నిమిషాలే. మందు రాసిస్తారు, ఎందుకో చెప్పరు. మా వైపు సైకియాట్రీ మందులన్నిటినీ నిద్ర మాత్రలే అంటారు, అందుకే నాలుగు రోజులు వేసుకుని "నిద్ర తప్ప ఏం లేదు" అని ఆపేస్తారు. డిప్రెషన్ మందులు పట్టు చూపడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. తర్వాత అసలు ప్రమాదం వస్తుంది. మనిషి కోలుకుంటాడు, దేవుడు బాగుచేశాడని కూటంలో స్వస్థత సాక్ష్యం చెప్పమంటారు, చెబుతాడు, సాక్ష్యం చెప్పినవాడు ఇంకా మాత్ర మింగితే బాగుండదని ఆపేస్తాడు. సాక్ష్యం చెప్పండి, తప్పులేదు, మాత్ర కూడా వేసుకోండి. బీపీకి, షుగరుకి మాత్ర వేసుకుంటూ స్తోత్రం చెప్పే పెద్దలు సంఘంలో ఎంతమంది లేరు!

డాక్టరు మన విశ్వాసాన్ని పిచ్చి అంటాడేమోనన్న భయం చాలామందికి ఉంది. ప్రార్థనలో ఆత్మావేశంతో తెలియని భాషల్లో మాట్లాడతానని చెబితే ఏమనుకుంటాడో అని. 2017 చట్టంలోనే రాసి ఉంది: మనిషి ఉండే సమాజపు నైతిక, మత నమ్మకాలతో కుదరకపోవడం అన్నది ఒక్కటే మానసిక రోగం తేల్చడానికి ఆధారం కాకూడదు. సైకియాట్రీ పుస్తకాల్లో కూడా, ఒక సముదాయంలో అందరూ నమ్మేదాన్ని భ్రాంతి కింద కట్టరు. అమెరికన్ సైకియాట్రిస్టుల పుస్తకం 1994లో మతపరమైన, ఆధ్యాత్మికమైన సమస్య అని రోగం కాని ఒక గడి కూడా పెట్టింది. మంచి డాక్టరు అడిగేది ఇదే: మీ సంఘంలో మిగతావాళ్ళకి కూడా ఇది మామూలుగా ఉందా, వాళ్ళకీ వింతగా ఉందా? కూటంలో భాషల్లో మాట్లాడి ఇంటికొచ్చి వంట చేసుకునే అక్క సంగతి వేరు. రాత్రీ పగలూ దేవుడు తనకొక్కడికే ఆజ్ఞలిస్తున్నాడని, స్నానం తిండి మాని, పాస్టరుగారు చెప్పినా వినని కుర్రాడి సంగతి వేరు. ఆ తేడా పాస్టరుగారికే ముందు కనిపిస్తుంది, నిజానికి.

భాష సంగతి కూడా చూసుకోండి. మనకి ఒడియా వచ్చు, బజారులో బేరమాడగలం, ఆఫీసులో దరఖాస్తు రాయించుకోగలం. గుండెలో బెంగ చెప్పుకోవడానికి మాత్రం అది చాలదు. ఒడియాలో "బాగానే ఉన్నాను" అనే మనిషి తెలుగులో అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. బరంపురంలో తెలుగు మాట్లాడే డాక్టర్లున్నారు, అడిగి తెలుగువాళ్ళనే చూపించుకోండి. అవ్వని ఆసుపత్రికి తీసుకెళ్ళి పదేళ్ళ మనవడితో మాట చెప్పించడం మాత్రం వద్దు, వాడి ముందు అవ్వ ఏం చెబుతుంది?

కౌన్సెలరు బోర్డు

ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చేసి పైన ఆ చదువు చదివినవాడు, మందు రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో నంబరున్న మనిషి, మందు రాయడు, మాటలతో వైద్యం చేస్తాడు. కౌన్సెలరు అన్న బోర్డు వెనక మాత్రం ఎం.ఎ. సైకాలజీ ఉండొచ్చు, ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్) ఉండొచ్చు, మూడు నెలల సర్టిఫికెట్ ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. క్రైస్తవ కౌన్సెలరు అన్నంత మాత్రాన ఈ లెక్క మారదు. ఏం చదివారు, ఎవరి కింద పని నేర్చుకున్నారు, ఆత్మహత్య ఆలోచనలుంటే ఎవరికి పంపుతారు, ఫీజెంత అని ఫోన్లోనే అడగండి. మూడో ప్రశ్నకి "మా దగ్గరే తగ్గిపోతుంది" అంటే ఫోన్ పెట్టెయ్యండి.

మంచివాళ్ళు దొరికితే మాత్రం విశ్వాసి కుటుంబానికి ఇది హాయి. తన ప్రార్థన జీవితం గురించి వివరణ ఇచ్చుకోనక్కర్లేదు, అలాగని ప్రతి మాటకీ వాక్యం వినిపించుకోనక్కర్లేదు. పెద్ద జబ్బుకైతే మనవాళ్ళు ఎప్పటినుంచో కాట్పాడి రైలెక్కుతున్నారు కదా, వెల్లూరు సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ)లో మానసిక వైద్యానికి 1957 నుంచి బాగాయంలో వేరే కేంద్రం ఉంది, అక్కడ రోగితో పాటు ఇంట్లోవాళ్ళు కూడా ఉండాలంటారు, చూసుకోవడం వాళ్ళకి నేర్పుతారు. దూరం, ఖర్చు, భాష మూడూ కష్టమే. స్థానిక మిషన్ ఆసుపత్రుల మీద, బిస్సంకటక్ క్రిస్టియన్ ఆసుపత్రి లాంటివాటి మీద మనవాళ్ళకి నమ్మకం ఎక్కువ, అక్కడ ముందు ఒంటి సంగతి చూపించుకోవడం మంచి మొదలే, మానసిక వైద్యం ఏ మేరకు ఉందో అడిగి వెళ్ళండి.

ఒక్కరు సరిపోని కేసు

ఈ ఒక్కదాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే క్రైస్తవ ఇళ్ళల్లోనే ఇది ఈ రూపంలో వస్తుంది, ఎవరూ గుర్తుపట్టరు.

భక్తి గల కుర్రాడు. ఆదివారం బడిలో పిల్లలకి పాటలు నేర్పేవాడు. ఒక రోజు ప్రార్థనలో ఉండగా దేవుడి మీద ఒక బూతు మాట మనసులోకి వస్తుంది. హడలిపోతాడు. పరిశుద్ధాత్మని దూషించిన పాపానికి క్షమాపణ లేదని మార్కు మూడో అధ్యాయంలో ఉంది కదా, తను అదే చేశాడా? అదిమేసే కొద్దీ ఆ మాట ఇంకా వస్తుంది. ప్రభు భోజనం తీసుకోవడం మానేస్తాడు. సాయంత్రం అయ్యేసరికి పాస్టరుగారి అరుగు మీద కూర్చుంటాడు: అయ్యగారూ, నాకు క్షమాపణ ఉందంటారా? ఆయన ఓపిగ్గా వివరిస్తారు, ఆ భయం ఉందంటేనే నువ్వు ఆ పాపం చెయ్యలేదని అర్థం, బాబూ. కుర్రాడి మొహం తేటపడుతుంది. ఇల్లు చేరేలోపు ఇంకో అనుమానం: నేను జరిగింది సరిగ్గా చెప్పానా, ఏదైనా దాచానా? మళ్ళీ వెళ్తాడు. మర్నాడు మళ్ళీ. ఇంట్లో ఒకే ప్రార్థన తప్పు లేకుండా వచ్చేదాకా మొదటి నుంచి చేస్తుంటాడు, అన్నం చల్లారిపోతుంది.

ఇది ఓ.సి.డి., వద్దన్నా వచ్చే ఆలోచన, దాని భయం పోగొట్టుకోవడానికి చేసిందే మళ్ళీ మళ్ళీ చెయ్యడం. చేతులు పదే పదే కడుక్కునేవాళ్ళకి ఉండేదే, ఇక్కడ మురికి చేతుల మీద కాకుండా మనసు మీద ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే. కొత్తది కాదు. ఇంగ్లండులో జాన్ బన్యన్ అనే బోధకుడు 1666లో అచ్చయిన తన ఆత్మకథలో, క్రీస్తుని అమ్మెయ్ అమ్మెయ్ అని మనసు పోరుపెట్టిన రోజుల గురించి రాసుకున్నాడు. జెసూట్ సంఘం స్థాపించిన ఇగ్నేషియస్ లయోలా ఒకసారి చెప్పిన పాపమే మళ్ళీ మళ్ళీ ఒప్పుకుని తృప్తి లేక నలిగిపోయాడు.

దీనికి పాస్టరుగారి ఓదార్పే మంటకి ఎండుపుల్ల అవుతుంది. అడిగిన ప్రతిసారీ భరోసా ఇస్తే ఆ కాసేపు భయం తగ్గుతుంది, తగ్గింది కాబట్టి మళ్ళీ అడగాలనిపిస్తుంది, అలా వలయం బిగుస్తుంది. సైకాలజిస్టు చేసే వైద్యం దీనికి ఎదురు: ఆ ఆలోచన రానివ్వడం, భయాన్ని భయంగానే ఉండనివ్వడం, ప్రార్థన తిరిగి మొదలుపెట్టకుండా, అరుగు దగ్గరికి పరిగెత్తకుండా ఆపుకోవడం. కొందరికి మందు కూడా కావాలి.

అయితే సైకాలజిస్టు ఒక్కడివల్లా కాదు. దేవుడి మీద భయంతో ఉన్న కుర్రాడికి, సంఘం ఎరగని డాక్టరు "ప్రార్థన తగ్గించు" అంటే, అది శోధనే అనుకుని లేచొచ్చేస్తాడు. ఆ మాట పాస్టరుగారి నోట రావాలి: బాబూ, ఈ ప్రశ్నకి నీకు ఒకసారి జవాబు చెప్పాను, ఇక చెప్పను, అది నీ మీద ప్రేమతోనే చెప్పను, డాక్టరు చెప్పినట్టు చెయ్యి. దేవుడి కృప మన భావన మీద ఆధారపడదని దైవశాస్త్రం ఎప్పటినుంచో చెబుతూనే ఉంది, దాన్ని ఆచరణలో పెట్టించేది ఇక్కడ సైకాలజీ. ఇద్దరూ ఒకసారి ఫోన్లో మాట్లాడుకుంటే సగం పని అయిపోతుంది. అలా మాట్లాడుకునేలా చెయ్యడం ఇంట్లోవాళ్ళ పని, పాస్టరుగారికీ డాక్టరుకీ తోచదు.

స్వస్థత ఇళ్ళు

రోగిని తీసుకొచ్చి వదిలితే వారాలు, నెలలు ఉంచుకునే ప్రార్థన ఇళ్ళు సరిహద్దుకి రెండు వైపులా ఉన్నాయి. ఒక గదిలో చాపలు, మూలన నూనె సీసా, కిటికీ చువ్వకి కట్టిన తాడు, ఆ తాడు రెండో కొస ఒక మనిషి చీలమండకి. నేను చూశాను. నడిపే ఆవిడ చెడ్డది కాదు, రోగులకి తన చేత్తో తినిపిస్తుంది. అయినా సరే, వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక దర్గా దగ్గరి మానసిక రోగుల షెడ్డుకి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక చచ్చిపోయారు. ఏ మతమైనా గొలుసు గొలుసే. ఇప్పటి చట్టంలో మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదు, ఇల్లు కాకుండా ఇంకెక్కడైనా వైద్యం పేరుతో ఉంచుకోవాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. పొద్దున వెళ్ళి ప్రార్థన చేయించుకుని సాయంత్రం ఇంటికొచ్చేస్తే అభ్యంతరం లేదు. మందులు ఆపమన్నా, కట్టినా, కొట్టినా, ఉపవాసం పేరుతో తిండి పెట్టకపోయినా ఆ పూటే తీసుకొచ్చెయ్యండి.

మొగుడు కొడుతున్న ఇంట్లో ఆడపిల్లకి డిప్రెషన్ అని తీసుకొచ్చేవాళ్ళకి కూడా ఒక మాట. ఆ పిల్లకి మాత్ర ఇచ్చినా, సహించమని వాక్యం ఇచ్చినా రెండూ తప్పే. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి.

మొదటిసారి వెళ్ళేటప్పుడు

ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకోండి: ఎప్పటి నుంచి, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది, ఒళ్ళు తగ్గిందా, ఇంతకుముందు వంశంలో ఎవరికైనా ఇలా ఉండేదా, తాగుడు ఉందా, ఏ ఏ మందులు వాడారు. నాటు మందు, పసరు, అభిషేక తైలం అన్నీ రాయండి, డాక్టరు తిడతాడని దాచకండి. పాత చీటీలు, మాత్రల అట్టలు సంచిలో వేసుకోండి. పాస్టరుగారు తోడొస్తానంటే రానివ్వండి, గది లోపలికి మాత్రం రోగి రమ్మంటేనే. బయటకొచ్చాక ఆయనకి ఏం చెప్పాలో, సంఘానికి ఏం చెప్పాలో కూడా రోగినే అడగండి. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో ఆ తేదీ చీటీ మీద డాక్టరు చేతే రాయించుకోండి, నోటిమాటగా చెప్పిన తేదీ బస్సు దిగేలోపు మర్చిపోతాం.